రవ్వ పుట్టని లారీ

నేడు మన బాటలపై తిరుగు లారీలలో హెచ్చుభాగము డీసెలు నూనెతో నడుచుచున్నవి. వానికి నిప్పురవ్వతో పనిలేదు. సిలిండరులోని గాలిని మిక్కిలిగా నదిమినచో అది తనంత తానే కాగి, తనలోనికి చిమ్మిన నూనెను మండించును. పెట్రోలు బండి యట్లు కాదు. దానికి ప్రతి పర్యాయమును ఒక రవ్వ కావలయును. రవ్వ పుట్టనినాడు తొట్టి నిండ పెట్రోలున్నను ఆ బండి వాకిట పడియున్న ఇనుపగుట్టయే. 1954వ సంవత్సరమున టాటావారు జర్మనీ దేశపు బెంజ్ కంపెనీవారితో గూడి జంషెడ్‌పూరులో డీసెలు లారీలు చేయ మొదలిడువరకును మన దేశమున సరకులు మోసినవి ఎక్కువగా పెట్రోలు లారీలే. మా మామగారు కొన్నదియు అట్టిదే. ఆరు సిలిండరులు, ఆరు వోల్టుల బ్యాటరీ గల అమెరికా దేశపు బండి.

సోదరీమణులారా, ఇది మగవారి గొడవ, మనకేల యని పుట త్రిప్పబోకుడు. ఆ లారీమీద మా యింట తొమ్మిదిమంది అన్నము తినుచుండిరి.

మాది నూజివీడు ప్రాంతము. నాడది కృష్ణాజిల్లా, 2022 నుండి ఏలూరు జిల్లాలోనిది. 1971 మే నెలలో మామిడి విరుగగాసెను. చిన్నరసములను, బంగినపల్లి కాయలను గంపల కెత్తించి, ఆగిరిపల్లి మీదుగా 40 కిలోమీటర్లకు పైగా నున్న బెజవాడ రైలుకు చేర్చుట మా లారీ పని. ఆ రెండు నెలల కిరాయితోనే సంవత్సరమంతయు గడుపుకొనవలెను. సరిగా ఆ దినములలోనే నా భర్త టైఫాయిడు జ్వరముతో బెజవాడ ఆసుపత్రిలో చేరిరి. వారు పోయిన నాలుగవనాడు లారీ నిలిచిపోయెను.

మేస్త్రీ వచ్చెను. మొదటినాడు ఆరు ప్లగ్గులును మార్చెను. రెండవనాడు కాయిల్ మార్చెను. నూట నలువది రూపాయలు చెల్లినవి. బండి మాత్రము మూల్గనైన మూల్గలేదు. మూడవనాడు, డిస్ట్రిబ్యూటరు మొత్తమే పోయినదనియు, మదరాసునుండి తెప్పింపవలెననియు, పదిదినములు పట్టుననియు చెప్పి పోయెను. కోసిన కాయ పదిదినము లాగునా? తోట ఆసామి తెల్లవారులోగా బండి రానిచో ఈ యేటి కంతటికిని వేరు లారీ కుదుర్చుకొందునని కబురు పంపెను. ఇనుపసామానుల వర్తకు డొకడు, ఎవరు చెప్పిరో కాని, పండ్రెండువందలకు బండిని తీసికొందునని సాయంకాలమునకే వచ్చి అరుగుమీద కూర్చుండెను. అత్తగారు తమ మెడలోని నాను తీసి, కుదువబెట్టి రమ్మని మా మరిది చేతిలో నుంచిరి. అది వారి పుట్టినింటివారు పెట్టినది.

మా తండ్రిగారు బెజవాడలో నొక బస్సుల షెడ్డులో మేస్త్రీగా నుండిరి. ఆడపిల్లనని నన్ను దూరముగా నుంచక, అన్నపు క్యారియరు తీసికొనిపోయినప్పుడెల్ల ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూపుచుండెడివారు. బండి నిలిచినప్పుడు, “ఏది చెడినదని అడుగవద్దమ్మా, ఎక్కడిదాక బాగున్నదో చూడు” అనెడివారు. ఈ రెండు ప్రశ్నలును ఒకటే యని తోచును గాని, కానేకావు. మొదటిదానికి ఊహ చాలును; రెండవదానికి కన్ను కావలెను. మేస్త్రీ మొదటి ప్రశ్నతోనే మూడుదినములు గడపెను.

రవ్వ పోవు దారి యెట్టిదో కొంచెము చెప్పెదను. బ్యాటరీనుండి ఆరు వోల్టుల విద్యుత్తు తాళపుచెవి మీదుగా కాయిల్‌లోనికి వచ్చును. కాయిల్ నందు ఒకే ఇనుపకడ్డీపై రెండు చుట్లుండును: లావుతీగెతో కొన్నివందల చుట్లు, వెండ్రుకవంటి సన్నతీగెతో వేలకొలది చుట్లు. లావుతీగెలో పారు విద్యుత్తు చటుక్కున తెగిపోయినచో, సన్నతీగెలో వేల వోల్టులు పుట్టును. ఈ రహస్యమును ఇంగ్లండులో ఫారడే యను శాస్త్రజ్ఞుడు 1831లో కనిపెట్టెను. నూతిలోనుండి నిండుబిందెను చేదునపుడు త్రాడు తెగినచో చేదువారు వెనుకకు విరుచుకొని పడుదురు గదా. చేదునంతసేపు లేని విసురు తెగిన క్షణమున వచ్చును. కాయిల్‌లోను అంతే. కలిసియున్నంతసేపు రవ్వ లేదు, విడిపోయినప్పుడే రవ్వ.

ఆ విడదీయు పనికి డిస్ట్రిబ్యూటరులో పాయింట్లని రెండు చిన్న బిళ్లలున్నవి. ఇంజను తిరిగినకొలది అవి కలియుచు విడిపోవుచుండును. విడిపోవునప్పుడు వాని నడుమనే మెరుపు లేచి బలమంతయు వృథాపోకుండ కండెన్సరను చిన్నడబ్బీ ప్రక్కనుండి ఆ విసురును మ్రింగును. పిమ్మట రోటరు వడ్డనవానివలె తిరుగుచు ఒక్కొక్క ప్లగ్గునకు రవ్వ నందించును. ఈ పంక్తిలో వడ్డన కూర్చున్న వరుసను కాదు. మొదటిదానికి పిమ్మట ఐదవది, ఆపైన మూడు, ఆరు, రెండు, నాలుగు. ఏ శుభకార్యమునందైన నిట్లు వడ్డించినచో విస్తళ్ల ముందునుండి లేచిపోవుదురు. ఇంజను మాత్రము ఇట్లయిననే కుదుటగా నడుచును.

చీకటిపడినపిదప, అత్తగారి యొద్దకు పోయి, నా నొకసారి యాపుడని వేడి, బండి చూచెదనంటిని. వారు నన్ను ఎగాదిగ చూచిరి. “చూడవే అమ్మాయీ. చెడినదానిని నీవు క్రొత్తగా చెడగొట్టునదేమున్నది?” అనిరి. లాంతరు వారే పట్టుకొని వచ్చిరి. లాంతరును పెట్రోలునకు ఎడముగా ఉంచుడని చెప్పగా, అరుగు చివర నిలిచి చేయి చాచి పట్టిరి. వర్తకుడు లేచి పోలేదు.

మా డ్రైవరు సాయిబుగారు మామగారి కాలపువారు. కాయిల్ నడుమనుండి డిస్ట్రిబ్యూటరు మూతకు పోవు లావుపాటి తీగెను మూతయొద్ద నూడదీయుడంటిని. దాని కొనను ఎండిన చెక్కబద్దకు కట్టి, ఇంజను ఇనుమునకు పావు అంగుళము దూరమున నిలిపి, హేండిలు త్రిప్పుడంటిని. మేస్త్రీ సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీని నీరసింపజేసి యుండుటచే చేతితోనే త్రిప్పవలసి వచ్చెను. నాలుగు చుట్లు తిరిగెను. రవ్వ లేదు.

ఇది చూచి సాయిబుగారు నిట్టూర్చిరి గాని, నాకు సగము భారము తీరినట్లయ్యెను. ఏలయన రవ్వ ఆ తీగె కొనకే రానప్పుడు, దానికి ఆవలనున్న మూత, రోటరు, ఆరు తీగెలు, ఆరు ప్లగ్గులు నిర్దోషులు. కనీసము ఈ రోగమునకు అవి కారణములు కావు. దారిని నడుమ నొకచోట పరీక్షించినచో ఒక్కదెబ్బతో సగము దారి విడిచిపెట్టవచ్చును. ప్లగ్గుల కిచ్చిన సొమ్ము ఈ ఒక్క నిమిషపు పని చేయనందువలన పోయినది.

వెనుకదీపపు బుడ్డినొకదానిని విప్పించి, దానికి రెండు తీగెలు చుట్టితిని. ఒకటి ఇంజను ఇనుమునకు, అనగా ఎర్తుకు, తగిలించి, రెండవదానితో కాయిల్‌పైనున్న మొలల నంటి చూచితిని. తాళము త్రిప్పియుండగా బ్యాటరీవైపు మొలయొద్ద దీపము వెలిగెను. ఇంతవరకు దారి బాగున్నది. డిస్ట్రిబ్యూటరువైపు మొలయొద్ద, హేండిలు త్రిప్పుచుండగా దీపము వెలుగుచు ఆరుచు మిణుకుమనవలెను: పాయింట్లు విడిపోయినప్పుడు వెలుగు, కలిసినప్పుడు చీకటి. ఎప్పుడును వెలుగుచునే యున్నచో పాయింట్లు కలియుట లేదని గాని, వాని మొగములు మసిబారినవని గాని అర్థము. మాది ఎప్పటికిని వెలుగలేదు. అట్లయినచో కాయిల్ లోపలి తీగె తెగియుండవలెను, లేదా దాని కావల నెక్కడనో తీగె ఎల్లవేళల ఇనుమునకు తగులుచుండవలెను.

కాయిల్‌మీద చేయివేసి చూడగా వెచ్చగా తగిలెను. తెగినదైనచో వేడియెక్కదు. దానినుండి డిస్ట్రిబ్యూటరునకు పోవు సన్నతీగెను విప్పి మరల దీపము నంటించితిని, భగ్గున వెలిగెను. కాయిల్ బ్రతికియున్నది. మరునాడు పాత కాయిల్‌ను గూడ ఇట్లే చూడగా అదియు నిక్షేపముగానే యుండెను.

ఇచ్చట నొకమాట. నేటి పెట్రోలు కార్లలో పాయింట్లు లేవు; విడదీయు పని ఎలక్ట్రానిక్ యంత్రము చేయును. పెక్కింటిలో ప్రతి ప్లగ్గునకు నొక కాయిల్ గలదు. వానిలో తీగె యూడదీసి రవ్వ చూచినచో ఆ యంత్రము కాలిపోవచ్చును, మనిషికిని దెబ్బ గట్టిగా తగులును. నేను చెప్పునది పాతబండ్ల మాట. వానిలోనైనను తీగెను వట్టిచేత పట్టరాదు.

ఇక మిగిలినది డిస్ట్రిబ్యూటరు. మూత తీసి, విప్పిన తీగెను మరల కలిపి, పాయింట్లు విడిపోవువరకు హేండిలు త్రిప్పించితిని. దీపము లేదు. కండెన్సరును విప్పించితిని. అప్పటికిని లేదు. సాయిబుగారు, “అమ్మగారూ, మేస్త్రీ చెప్పిందే నిజమేమో” అనిరి. నాకును ఆ క్షణమున గుండె జారెను. కాని దారిలో ఇంకను వ్రేలెడు మేర మిగిలియున్నది. గిన్నె గోడలోని మొలనుండి పాయింట్లకు పోవు చిన్నతీగె. పాయింట్లు బిగించిన పళ్లెము ఇంజను లాగు బరువునుబట్టి అటునిటు కొంచెము కదలుచుండును. దానితోపాటు ఆ తీగెయు కదలవలెను. ఇరువదియేండ్లు కదలి కదలి, దానిపైని నూలుతొడుగు అడుగువైపున అరిగి, రాగి గిన్నె యంచునకు తగులుచున్నది. పైనుండి చూచువారికి తొడుగు చక్కగానే కనబడును. చీపురుపుల్ల నొకదానిని తెప్పించి, ఆ తీగెను మెల్లగా పైకెత్తితిని.

దీపము వెలిగెను. పుల్ల దింపితిని, ఆరెను. మరల నెత్తితిని, వెలిగెను. అరుగు చివరనుండి అత్తగారు, “మరియొకసారి చేయవే” అనిరి. చేసితిని.

క్రొత్తతీగెకు తెల్లవారువరకు ఆగవలెను. నల్లటేపు సాయిబుగారియొద్ద లేదు. నేను చదివిన పాఠశాలలో కాయిల్ తీగెలకు ఆకుపచ్చని పట్టుదారము చుట్టియుండెడిది. పొడిపట్టు విద్యుత్తును దాటనీయదు. చిరిగిన పట్టుచీర కొంగునుండి జానెడు పేలిక చించి, తీగెచుట్టు నాలుగుచుట్లు గట్టిగా చుట్టి, దారముతో కట్టితిని. కండెన్సరు బిగించి, పాయింట్ల మొగములు తుడిచి, వాని యెడమును అంగుళములో వేయింట ఇరువదివంతులకు సరిచూచితిమి. లావుతీగె కొనను మరల ఇనుమునకు దగ్గర నిలిపి హేండిలు త్రిప్పగా, చిటుక్కుమని నీలిరవ్వ దూకెను. ఆ మాత్రపు చప్పుడునకు అరుగుమీది వర్తకుడు లేచి కండువా దులుపుకొనెను.

చాలకాలమునకు పిమ్మట బెర్తా బెంజ్ అను జర్మనీ యిల్లాలి వృత్తాంతము చదివితిని. ఆమె 1888 ఆగస్టులో, భర్తకు చెప్పకయే, ఆయన నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిపై ఇద్దరు కొడుకులను తీసికొని మాన్‌హైము నుండి పుట్టినింటికి, ఫోర్ట్స్‌హైమునకు, 100 కిలోమీటర్ల పైచిలుకు పోయెనట. దారిలో రవ్వతీగెపై తొడుగు అరిగిపోగా మేజోళ్లు కట్టుకొను పట్టీతో కప్పెనట. టాటావారు కూడినది ఆ బెంజ్ పేరుగల కంపెనీతోనే. నా చీరపేలిక తలపునకు వచ్చి నవ్వుకొంటిని.

ఆ రాత్రి తొమ్మిది గంటలకు లారీ తోటకు పోయెను. తెల్లవారుజామున కాయలు బెజవాడ చేరినవి. నాను అత్తగారి మెడకు చేరెను. వారము గడచినపిదప సాయిబుగారు క్రొత్తతీగె వేసిరి. నా భర్త నెలకు ఇల్లు చేరిరి. 1973లో ప్రపంచమంతట నూనెధరలు పెరుగగా పెట్రోలు లారీ గిట్టుబాటు కాక, రెండేండ్లకు దానిని అమ్మి డీసెలు బండి కొంటిమి.

మేస్త్రీని గూర్చి చెడుగా పలుకుట నాకిష్టము లేదు. ఆయన మోసగాడు కాడు. పదిబండ్లలో తొమ్మిదింటికి ప్లగ్గులో, కాయిలో మార్చినచో నడుచుటచే చేయి ఆ అలవాటున పడినది, పదవబండి మాది. జూన్ నెలలో ఒకనాడు తానుగా వచ్చి, మూత తీయించి, పట్టు చుట్టియుండిన తావును చాలసేపు చూచెను. ఆ దీపమెట్లు చేసితినో అడిగెను. ఇంటనున్న బుడ్డికి రెండుమూరల తీగె చుట్టి, కొనలకు మొలలు కట్టి యిచ్చితిని. డబ్బెంత యనెను. ముందు ప్లగ్గుల సంగతి తేల్చుమని అత్తగారు తలుపుచాటునుండి పలికిరి.