బలం అంటే మనకు తెలియనిదా?



ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్సులో బలాలు, చలనం పాఠాలు మొదలయ్యేసరికే మనలో కొందరు "ఇది మనవల్ల కాదు" అని పుస్తకం మూసేస్తారు. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు మీడియంలో చేరినవాళ్లకు నిన్నటి త్వరణం ఈ రోజు యాక్సిలరేషన్ అయి కూర్చుంటుంది. ఇంట్లో అడుగుదామంటే కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాదే. "కూలివాళ్ల పిల్లలకు ఫిజిక్స్ ఎందుకు? తేలికైన గ్రూపు తీసుకోండి" అన్న సలహా మేమూ విన్నాం. ఇప్పుడు పీజీ చదువుతూ చెబుతున్నాం: ఇష్టముంటే ఆ సలహాకు భయపడి వదులుకోకండి.

ఎందుకంటే ఈ లెక్కల్లో ఉండేవన్నీ మనం చూసినవే. బావి, గిలక, తాడు, వాలుగా వేసిన చెక్క, బస్తా.

ఒక లెక్క చేద్దాం. 50 కిలోల బియ్యం బస్తాను గచ్చు మీద ఒకే వేగంతో జరపాలి. ఘర్షణ గుణకం 0.4, గురుత్వ త్వరణం 9.8 అనుకుందాం. సూత్రం కోసం వెతకవద్దు. ముందు బస్తా ఒక్కదాన్నే గీయండి. దాని మీద పనిచేసే బలాలకు బాణాలు వేయండి. కిందికి బరువు 490 న్యూటన్లు. పైకి నేల ఇచ్చే అభిలంబ బలం. ముందుకు మనం లాగే బలం. వెనక్కి ఘర్షణ. బస్తా నేలను నొక్కే బలం ఈ బొమ్మలో రాదు, అది నేల మీద పనిచేసేది. చర్య, ప్రతిచర్య ఎప్పుడూ రెండు వేర్వేరు వస్తువుల మీద ఉంటాయి.

నేలకు సమాంతరంగా లాగితే 196 న్యూటన్లు కావాలి. తాడు కట్టి 30 డిగ్రీలు పైకి లాగితే సుమారు 184 చాలు. అదే 30 డిగ్రీలు కిందికి వంచి నెడితే సుమారు 294 కావాలి. పైకి లాగినప్పుడు బరువులో కొంత తాడు మోస్తుంది, ఘర్షణ తగ్గుతుంది. కిందికి నెట్టినప్పుడు మన బలమే బస్తాను నేలకు అదుముతుంది.

మా నాన్న హమాలీ. బస్తాను నెట్టడు, కొక్కెం వేసి కాస్త పైకెత్తి లాగుతాడు. ఆయనకు సైన్, కాస్ తెలియవు. ఎలా లాగితే నడుముకు భారం తగ్గుతుందో తెలుసు. 1687లో న్యూటన్ ప్రిన్సిపియాలో ప్రకటించిన సూత్రాలతో మనం కాగితం మీద తేల్చేది కూడా అదే.

ఇంకొక్క మాట. 10 కిలోల నీళ్ల చేదను ఒకే వేగంతో తోడితే, నెమ్మదిగానైనా వడిగానైనా, తాడులో తన్యత 98 న్యూటన్లే. సెకను సెకనుకూ వేగాన్ని సెకనుకు 1 మీటరు చొప్పున పెంచుతూ తోడితే 108. ఆ అదనపు 10 న్యూటన్లు వేగానికి కాదు, వేగం మారడానికి. ఇది అర్థమైతే రెండో సూత్రం సగం వచ్చినట్టే.

కాబట్టి బొమ్మ, బాణాలు, దిక్కులు, ఆ తర్వాతే సమీకరణం. సీనియర్లకు మా మనవి: స్టడీ అవర్లో పుస్తకం మూసేసిన జూనియర్ కనిపిస్తే పక్కన కూర్చోండి. పెన్సిల్ మాత్రం వాళ్ల చేతికే ఇవ్వండి.