షాక్‌లు మార్చే ముందు టైర్ల గాలి చూడండి

గల్ఫ్‌ల డ్రైవర్ పని చేసే తమ్ముళ్లు, అన్నలు ఇది కొంచెం ఓపికగా చదవండి. నేను మెకానిక్‌ను కాదు. పదో తరగతి చదివి వచ్చిన, రియాద్‌ల బిల్డింగ్ సైట్ మీద సూపర్‌వైజర్‌ను. మా క్యాంపుల ఒక డ్రైవర్ తమ్మునికి నాలుగు నెలల జీతం పోయేటట్టు ఉండె, అందుకే రాస్తున్న.

మా ముదీర్ తిరిగేది పెద్ద ఎస్‌యూవీ. 22 ఇంచుల రిమ్ములు, రోడ్డును బట్టి తనంతట తానే మెత్తగా, గట్టిగా మారే సస్పెన్షన్. కొత్త టైర్లు వేసిన రెండు వారాలకు చిన్న గుంత వచ్చినా ఎడ్లబండి లెక్క ఎత్తేసుడు మొదలుపెట్టింది. సనయ్యల ఒక గ్యారేజ్‌వాళ్లు చూసి నాలుగు షాక్‌లు పోయినయి అన్నరు. అవి కరెంటుతో పనిచేసే షాక్‌లు, ధర చాలా ఎక్కువ. "స్పీడ్ బ్రేకర్ల మీద నువ్వే దూకించినవ్, జీతంలో కోస్త" అని ముదీర్ తమ్మున్ని పట్టుకున్నడు. పిల్లగానిది జగిత్యాల దిక్కు. ఇంటికాడ చెల్లె పెండ్లి అప్పు ఉంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

సైట్ల పైనుంచి నీళ్లు కారితే మేము ముందే స్లాబ్ పగలగొట్టం. నల్లా, వాల్వ్, పైపు జాయింట్ చూసినంకనే సుత్తె పడతం. బండికి కూడా అంతే అనుకొని ముదీర్‌ను ఒక్క రోజు టైం అడిగిన.

పొద్దుగాల బండి కదలక ముందు గాలి కొలిచినం. డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద 35 ఉంది. టైర్లల్ల 48 ఉంది! టైరు మీద రాసిన 50 చూసి పంచర్ షాపోడు నింపిండు. అది టైరు తట్టుకునే గరిష్ఠం, బండికి కావల్సిన గాలి కాదు. పెద్ద రిమ్ముకు టైరు పక్క గోడ సన్నగ ఉంటది, గాలి ఎక్కువైతే రాయి లెక్క అయితది. చల్లగ ఉన్నప్పుడే కొలవాలె. 10 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 2 పీఎస్‌ఐ పెరుగుతది.

35కు దించితే సగం కుదుపు పోయింది. మోడ్ చూసినం, స్పోర్ట్‌ల లేదు, మామూలుగనే ఉంది. రాత్రి, పొద్దున నాలుగు మూలల ఎత్తు టేపుతో కొలిచినం, ఒక్క తీరుగనే ఉంది. గాలి బెలూన్లు ఉన్న బండి ఒక మూల కుంగితే లీకు అనుమానించాలె.

మిగిలింది వెనక ఎడమ పక్క కుదుపు. అప్పుడప్పుడు స్క్రీన్ మీద సస్పెన్షన్ సర్వీస్ అని మెసేజ్ వస్తుండె. కింద చూస్తే ఆ షాక్ వైరు సాకెట్ సగం ఊడి ఇసుక నిండి ఉంది. కరెంటు అందకపోతే కొన్ని బండ్లల్ల షాక్ గట్టిపడుతది, కొన్నిట్ల మెత్తబడుతది. వేరే గ్యారేజ్‌ల తుడిచి, బిగించి, స్కానర్ పెట్టి కోడ్ తీసేసిన్రు. షాక్ ఒక్కటి కూడా మార్చలేదు.

తెల్లారి ముదీర్ ఎక్కి, ఏమీ అనకుండ ఫోన్ల మాట్లాడుకుంట పోయిండు. కోత మాట మళ్ల రాలేదు. తమ్మునికి జీతం పూర్తిగ పడ్డది.

తమ్ముళ్లూ, బండి తేడా చేసిన రోజే గాలి మీటరు, స్క్రీన్ మెసేజ్ ఫోటో తీసి ముదీర్‌కు వాట్సాప్ చేయండి. తారీఖు దాంట్లనే ఉంటది. రేపు నీ మీదికి వస్తే నోటి మాట కంటే ఆ ఫోటోనే అక్కరకొస్తది.