చదివిన చదువు, చేతనైన పని

మీరు ఎప్పుడైనా ఉద్యోగానికి దరఖాస్తు నింపారా? 'విద్యార్హతలు' అన్న గడి దగ్గర మీ కలం కాసేపు ఆగే ఉంటుంది. మీరు ఏం చదివారో ఆ కాగితం అడుగుతుంది. మీకు ఏ పని చేతనవునో చాలాసార్లు అడగదు. ఈ సంగతి నాకు ఎం.ఇడి. పుస్తకాల కన్నా మా చిన్నాన్న కొడుకు వల్ల బాగా తెలిసింది.

వాళ్లది సోంపేట దగ్గర పల్లె. 2011లో బి.కాం. పూర్తిచేశాడు. వాళ్ల మేనమామ ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో, ఏరియల్ బే రేవులో బోటు నడిపేవాడు. "అక్కడ డిగ్రీ చదివినవాళ్లు తక్కువ, వెళ్లు, ఉద్యోగం దొరుకుతుంది" అని సలహా ఇచ్చింది నేనే. విద్యారంగంలో ఉన్న అన్నయ్య మాట కదా, నమ్మి విశాఖపట్నంలో ఓడ ఎక్కాడు.

నా సలహా తప్పు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్, నికోబార్ దీవుల్లో అక్షరాస్యత 86 శాతం పైనే. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 67 శాతం. ఇక భాష సంగతి నాకు తట్టనే లేదు. ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 50 వేలమంది ఉన్నమాట నిజమే. కాని డిగ్లీపూర్‌కు 1950లలో తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చి స్థిరపడ్డారు. బజారులో బెంగాలీ, కార్యాలయంలో హిందీ. మావాడు చదివింది తెలుగు మాధ్యమం. ఒకచోట పట్టా చూసి బాగుందన్నారు, స్థానికుడినని ధ్రువపత్రం అడిగారు. మరొకచోట హిందీలో అడిగిన ప్రశ్న అర్థంకాక నిలబడిపోయాడట. నేను ఉత్తరం రాసి ధైర్యం చెప్పాను. ధైర్యం చెప్పడం సులువు.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. అతని పట్టా చెల్లదని ఎవరూ అనలేదు. మన దేశంలో గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం పట్టా ఎక్కడైనా పట్టాయే. విదేశాలకు వెళ్లినవారి కష్టం వేరు. కెనడాలోని ఒంటారియోలో ఇంజనీరు లైసెన్సు కావాలంటే కెనడాలోనే పనిచేసిన అనుభవం చూపాల్సి వచ్చేది. ఆ నిబంధనను 2023లో తీసేశారు. అంతవరకు ఎందరు ఇంజనీర్లు వేరే పనులు చేసుకుంటూ గడిపారో!

మావాడు మేనమామ బోటు ఎక్కాడు. రెండేళ్లలో డీజిల్ ఇంజను విప్పి బిగించడం నేర్చాడు. చప్పుడు విని లోపం చెప్పేవాడు. అయినా కూలి లెక్కే. ఐ.టి.ఐ. పత్రం ఉన్న కుర్రాడికి మాత్రం మెకానిక్ జీతం. ఈలోగా రేవులో హిందీ వచ్చింది. వంజరాన్ని సుర్మయి అనాలని తెలిసింది. అప్పుడు ఒక చేపల వ్యాపారి అతన్ని ఐసు, డీజిలు, తూకం లెక్కలు రాయడానికి పెట్టుకున్నాడు. బి.కాం. ఉపయోగపడింది, నాలుగేళ్లు ఆలస్యంగా.

2017లో నేను వెళ్లినప్పుడు, పని ద్వారా నేర్చిన నైపుణ్యాన్ని పరీక్షించి పత్రం ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉందని చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తరవాత అడిగాడు: "పరీక్ష ఎక్కడ పెడతారన్నయ్యా? పోర్ట్ బ్లెయిరంటే రానుపోను రెండ్రోజులు. ఆ కూలి ఎవరిస్తారు?"

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీవిజయపురమైంది. దూరం మారలేదు. నా దగ్గర జవాబు లేదు.

మీరు ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ఒక పక్క మీరు చదివినది, మరో పక్క మీకు చేతనైన పనులు రాయండి. వంట, కుట్టు, లెక్క, రెండో భాష, ఏదీ వదలకండి. పత్రం లేనివాటి కింద గీత గీయండి. మావాడూ ఆ రాత్రి ఇలాగే రాశాడు. మర్నాడు ఒక దరఖాస్తులో 'విద్యార్హతలు' గడిలో "బి.కాం., డీజిల్ ఇంజను" అని నింపాడు. గుమస్తా రెండో మాట కొట్టేసి తీసుకున్నాడు.