బొగ్గుబాయి ఊళ్లో ఒక 'స్టూడియో' గది

'స్టూడియో' అనగానే మీకు ఏ అన్నపూర్ణో, రామానాయుడో గుర్తొస్తాయి. నాకూ అంతే! అందుకే, "గోదావరిఖనిలో స్టూడియో ఫ్లాటులాంటిది ఒకటి అద్దెకుంది, రెండ్రోజులుండి రా" అని మిత్రుడు ఫోన్ చేస్తే నవ్వొచ్చింది. పడక, వంట, కూర్చోడం అన్నీ ఒకే గదిలో ఉంటే అది స్టూడియో ఫ్లాటట. హైదరాబాదులో ఐటీ కుర్రాళ్ల ఫ్యాషను. బొగ్గు ఊళ్లో దానికేం పని?

సికింద్రాబాదులో రైలెక్కి కాజీపేట, పెద్దపల్లి మీదుగా రామగుండంలో దిగాను. అక్కణ్ణించి గోదావరిఖనికి ఆటో. దారిలో ఎన్టీపీసీ పొగగొట్టాలు. 2600 మెగావాట్ల కేంద్రం మరి! మన హాల్లో బొమ్మ పడాలంటే ఎక్కడో బొగ్గు మండాలి. ఆ బొగ్గు తవ్వేవాళ్ల ఊరే ఇది. పేరులోనే ఉంది చూడండి 'ఖని'!

చౌరస్తా దాటి సందు తిరిగి, ఓ ఇంటి డాబా మెట్లెక్కితే... అచ్చం మన సినిమాల్లో నిరుద్యోగి హీరో అద్దెకుండే గదే! (కింద ఓనరుగారి అమ్మాయి మాత్రం లేదు లెండి.) తలుపు తీసి ఆశ్చర్యపోయాను. చిన్న గది, తెల్లటి గోడలు, ఓ మూల నల్లరాతి గట్టుమీద గ్యాస్ స్టవ్, గోడలో ఇమిడిపోయిన అల్మారా. కిటికీకి నేలదాకా వేలాడే ముదురు నీలం తెర, అదీ రెండు పొరలు! లాగితే మిట్టమధ్యాహ్నం సెకండ్ షో చీకటి!

"ఈ టేస్టు ఎవరిది కాకా?" అన్నాను. ఓనరు సింగరేణిలో చేసి రిటైరైన పెద్దమనిషి.

"టేస్టేంది తమ్మీ! నిద్ర కోసం కట్టుకున్న" అన్నాడు.

1889లో ఇల్లందు వైపు బొగ్గు తవ్వకాలు మొదలయ్యాయి. సింగరేణి కాలరీస్ అన్న పేరు 1920లో వచ్చింది. ఇక్కడ పని మూడు షిఫ్టులు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడికి పగలే రాత్రి. కంపెనీ క్వార్టరు చిన్నది, పిల్లలేమో ముగ్గురు. నాన్న పడుకున్నాడంటే ఇల్లంతా గుసగుసలే.

"పెద్దోడు హైదరాబాద్ల ఉంటడు. ఇప్పటికీ ఫోన్ల మెల్లగనే మాట్లాడతడు తమ్మీ. అలవాటైపోయింది" అన్నాడు కాకా. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు నవ్వు రాలేదు.

రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి. అందుకే సర్వీసులో ఉండగానే అప్పు చేసి ఈ ఇల్లు కట్టాడు. పైన ఈ గది తనకోసం. "నాలుగేండ్లు కడుపునిండ నిద్రపోయిన. రిటైరైనంక సూడు, రాత్రయితె కన్ను మూతవడదు!" అన్నాడు. ఇక గదితో పనేముంది? అద్దెకిచ్చేశాడు.

అన్నట్టు, 2023లో వచ్చిన నాని 'దసరా' చూశారుగా? ఈ ప్రాంతపు బొగ్గుగనుల కథే. దానికి హైదరాబాదు దగ్గర పెద్ద సెట్టు వేశారు. కాకా కూడా చూశాడట. "మసి బాగనే పూసిండ్రు. గని అసలు మసి ముఖంమీద గాదు తమ్మీ, కండ్ల అంచుల ఉంటది. ఎంత కడిగినా కాటుక వెట్టినట్టే!" అన్నాడు. ఏ మేకప్‌మ్యానూ నాకీ సంగతి చెప్పలేదు సుమండీ!

మర్నాడు భోజనం చేసి నడుం వాల్చానో లేదో, ధడేల్! కిటికీ అద్దాలు గలగలమన్నాయి. నేను లేచి కూర్చున్నాను. ఓపెన్‌కాస్టులో బాంబులు పేల్చారట. కింద చిన్నమ్మ బియ్యం ఏరుతూ తలైనా ఎత్తలేదు. తెర లాగి మళ్లీ పడుకుంటే సాయంత్రందాకా మెలకువ లేదు. ఆ నీలం తెర విలువ అప్పుడు తెలిసింది!

మీరూ వెళ్లదలిస్తే ఎండాకాలం మాత్రం వద్దు. రామగుండం ఎండతో పరాచికాలాడకూడదు. చలికాలంలో వెళ్లండి, సాయంత్రం గోదావరి ఒడ్డున కూర్చోండి.

మూడోరోజు పొద్దున బయలుదేరుతూ, చక్రాల సూట్‌కేసును టకటకమని మెట్లమీద ఈడుస్తున్నాను. కిందనుంచి చిన్నమ్మ నోటిమీద వేలు పెట్టి, పక్కింటివైపు చూపించింది. మూసిన తలుపు ముందు ఓ జత బూట్లు, వాటినిండా నల్లటి దుమ్ము.

సూట్‌కేసు చేత్తో ఎత్తుకుని, చప్పుడు కాకుండా దిగాను.