పల్లీ ఉండ నేర్పిన పాఠం

ఇంగోల్‌స్టాట్ అనగానే మనవాళ్ళకి ఆడి కార్ల ఫ్యాక్టరీ గుర్తొస్తుంది, ఆ తర్వాత డాన్యూబ్ నది. నాకు మాత్రం ఒక పల్లీ ఉండ గుర్తొస్తుంది.

ఇక్కడి మన పిల్లల తరగతుల జాబితా నేనే రాసేదాన్ని. అంతా ఒకటే ఎక్సెల్ పట్టిక. తెలుగుకీ డాన్సుకీ వచ్చే పిల్లకి రెండు వరసలు, నాటకంలో కూడా ఉంటే మూడు. ప్రతి వరసలోనూ అమ్మానాన్నల పేర్లు, ఫోను, చిరునామా మళ్ళీ మొదట్నుంచీ. వీధి పేరు చివర ఒకచోట ఆ జర్మన్ అక్షరం, ఇంకోచోట రెండు ఎస్‌లు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది ఆ రోజు నా ఓపికని బట్టి!

ఉగాదికి ముందు ఒక తల్లి ఫోన్ చేసి, "అక్కా, పాపకి పల్లీలు పడవని డాక్టరు చెప్పారు, రాసుకోండి" అంది. రాసుకున్నాను, తెలుగు తరగతి వరసలో. పండగనాడు ఫలహారాలు పంచింది డాన్సు జాబితా చూసి. పాప ఉండని నోటిదాకా తీసుకెళ్ళింది. పక్కనున్న అన్నయ్య, ఏడేళ్ళవాడు, చెయ్యిమీద ఒక్కటేసి కింద పడేశాడు. ఆ తల్లి నన్నేమీ అనలేదు. అన్నా బాగుండేది.

ఆ రాత్రి మావారు పట్టిక చూశారు. ఆయన ఉద్యోగమే డేటాబేసులతో. "దీనికి మందు 1970లోనే కనిపెట్టారు" అన్నారు. ఐబిఎమ్‌లో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అనే ఆంగ్లేయుడు ఆ ఏడాది రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించాడు. 1981లో ఆయనకి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. పట్టికల్ని అలా విడదీసి సర్దడాన్ని నార్మలైజేషన్ అంటారట.

పిల్లలూ, అదేమీ బ్రహ్మవిద్య కాదు. కుటుంబాలకి ఒక పట్టిక: చిరునామా అక్కడే, అన్నాచెల్లెళ్ళకి కలిపి ఒక్కసారే. పిల్లలకి ఇంకోటి, ఒక్కొక్కరికీ ఒక నంబరు (మన దగ్గర సాయిలు ముగ్గురున్నారు మరి). తరగతులకి వేరే. ఏ నంబరు ఏ తరగతికి వస్తుందో చెప్పేది మరొకటి, అందులో నంబర్లు తప్ప ఏమీ ఉండవు. పడనివాటిని ఒకే గడిలో కుక్కకూడదు, వాటికీ ఒక పట్టిక. అంతకుముందు ఒక కుటుంబం మ్యూనిక్ వెళ్ళిపోతే వాళ్ళ వరస చెరిపేశాను. దాంతోపాటు నాటకం క్లాసు వేళలూ పోయాయి, అవి ఇంకెక్కడా రాసి లేవు. అదీ ఇదే జబ్బని అప్పుడు తెలిసింది.

మొన్న ఆ తల్లే మళ్ళీ ఫోన్ చేసింది, నువ్వులు కూడా పడవట. ఒక్కచోటే రాశాను. అయినా మనసొప్పక మూడు తరగతుల జాబితాలూ ప్రింటు తీసి చూసుకున్నాను.