దాక్కోవడానికి వెలిగే సొర

బెర్గెన్‌లో వాన గురించి ఎవరూ మాట్లాడరు, గొడుగు వెంట ఉంచుకుంటారంతే. నార్వే పడమటి తీరాన ఆ ఊరికి దక్షిణంగా ఉన్న రౌనెఫ్యోర్డ్‌లో, ఆ ముసురులోనే, రాత్రి వేసిన గేలాల తాడును పైకి చేదుతున్నారు. ఒడ్డున ఇళ్ల కిటికీలు కనబడేంత దగ్గర. అడుగు మాత్రం రెండు వందల మీటర్ల కింద. హిమానీనదాలు ఒరుసుకుంటూ తవ్విన లోయలోకి సముద్రం వచ్చి చేరింది. నడిసంద్రపు జీవాలు ఊరి పక్కకే వచ్చి ఉంటున్నది ఈ లోతు వల్లే.

వచ్చింది మూరెడు సొర. తెలుగు ప్రాణం కదా, ముందు సొరపిట్టే గుర్తొచ్చింది. దగ్గర్నుంచి చూశాక ఆ ఆలోచన పోయింది. వీపు గోధుమరంగు, పొట్ట కాటుక నలుపు. తలకు మించిన కళ్లు. వీపు మీది రెండు రెక్కల ముందు చెరో ముల్లు. పట్టుకోబోతే పడవవాళ్లు వారించారు.

లిన్నేయస్ 1758లోనే నమోదు చేసిన ఈ ఎట్మాప్టెరస్ స్పైనాక్స్‌ను ఒడ్డుకు తెచ్చి చీకటిగదిలో చన్నీళ్ల తొట్టెలోకి వదిలారు. కాసేపు ఏమీ కనబడలేదు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక, పొట్ట వెంబడి నీలిపచ్చ వెలుగు తేలింది. మిణుగురులా మిణుకుమనడం లేదు, నిలకడగా ఉంది. దీన్ని నడిపేవి ముఖ్యంగా హార్మోన్లు. చీకటి పడితే మన ఒంట్లో పెరిగే మెలటోనినే దీని దీపాన్ని వెలిగిస్తుంది. పైనుంచి దిగే కొద్దిపాటి పగటి వెలుతురుకు పొట్ట వెలుగు సరితూగితే, కిందనున్న వేటగాడికి నీడ కనబడదు. ముళ్ల సంగతి వేరు. వాటి వెనక కూడా వెలుగు కణాలున్నాయనీ, అది ‘నన్ను మింగకు’ అనే హెచ్చరిక కావచ్చనీ బెల్జియం పరిశోధకులు 2013లో రాశారు. పొట్ట దాస్తుంది, వీపు చాటుతుంది! గుడ్లు తల్లి కడుపులోనే పొదగబడతాయి. పిల్లలకు పుట్టకముందే దీపాలు సిద్ధం.

ఇంత ఏర్పాటు ఉన్నా ఒకదాన్నుంచి మాత్రం తప్పించుకోలేదు. మరో సొర వీపు రెక్క మొదట్లో ముదురు రంగు తిత్తులు రెండు వేలాడుతున్నాయి. అనెలాస్మా అనే బార్నకిల్ అది. దాని జాతివాళ్లు పడవల అడుగున అతుక్కుని నీళ్లలోంచి తిండి జల్లించుకుంటారు. ఇది ఆ పని మానేసింది. సొర కండలోకి వేళ్లు దింపి సారం పీలుస్తుంది. అది పట్టిన సొరల్లో సంతానావయవాలు సరిగా ఎదగవు. డార్విన్ బార్నకిళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసినప్పుడు దీన్నీ పరీక్షించాడు.