మెట్టినిల్లు - స్థిరనివాసము

ఆడుదానికి ఇండ్లు రెండని మనవారందురు: ఒకటి పుట్టినిల్లు, రెండవది మెట్టినిల్లు. ఈ రెండింటిలో ఏది ఆమె పేరున ఉండునో మాత్రము ఎవరును చెప్పరు.

నేను తిరుత్తణి తాలూకాలో పుట్టితిని. 1960 ఏప్రిల్ 1వ తేదీన ఆ తాలూకా చిత్తూరు జిల్లానుండి విడివడి మద్రాసు రాష్ట్రమున చేరినది. అప్పటికి నాకు పదేండ్లు. మా వీధి కదలలేదు. మా బావి కదలలేదు. రాత్రి పండుకొన్నది ఆంధ్రప్రదేశములో, తెల్లవారి లేచినది మద్రాసు రాష్ట్రములో. అయినను, ఇచ్చట నుండుటకు మీకు హక్కు కలదా యని మమ్మెవరును అడుగలేదు. తరువాత పెండ్లియై కాట్టుపల్లికి వచ్చితిని. రేషను కార్డులో మావారి పేరు క్రింద నా పేరు వ్రాసిరి. అది సహజమనియే తలచితిని.

నా మనుమరాలికి నాలుగేండ్ల క్రిందట అమెరికా పౌరుడైన తెలుగు యువకునితో పెండ్లి జరిగినది. మరుసటి యేట ఆమె ఆ దేశమునకు పోయినది. పెండ్లియై రెండేండ్లు నిండకమునుపే అట్లు శాశ్వత నివాసము పొందినవారికి అక్కడి ప్రభుత్వము రెండేండ్ల గడువుగల షరతు కార్డు మాత్రమే ఇచ్చును. కాగితపు పెండ్లిండ్ల నరికట్టుటకు 1986లో చేసిన చట్టమిది. గడువు తీరుటకు ముందరి తొంబది దినములలో ఆలుమగలిద్దరును కలిసి ఐ-751 అను ఫారముపై అర్జీ పెట్టుకొనవలెను.

ఏడాది తిరుగకమునుపే ఒక రాత్రి ఆమె ఫోను చేసినది.

"అవ్వా, నేను వేరే ఇంట్లో ఉండాను. ఆయనతో కాపురం ఇంక కుదరదు."

"ఆ కార్డు చేతికి వచ్చేదాకా ఓర్చుకో తల్లీ" అంటిని.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "కార్డు కోసం కాపురం చేయమంటావా అవ్వా?" అని అడిగినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏ దోషము నరికట్టుటకు ఆ చట్టము పుట్టినదో, ఆ దోషమునే నేను నా బిడ్డకు బోధించితిని.

తరువాత ఆమె న్యాయవాదిని విచారించి నాకు తెలిపిన సంగతులివి. పెండ్లి సద్భావముతో జరిగి, అనంతరము విడాకులైనచో, ఆమె ఒంటరిగానే అర్జీ పెట్టుకొనవచ్చును. అందుకు కడపటి తొంబది దినములవరకు ఆగనక్కరలేదు. హింసకుగాని తీవ్రమైన క్రూరత్వమునకుగాని గురియైనవారికి విడాకులు కాకున్నను ఆ మార్గము కలదు. కాని ఊరక వేరుగా నుండుట విడాకులు కాదు. కాపురము నిజమైనదని చూపుటకు ఇద్దరి పేర నున్న బ్యాంకు లెక్కలు, ఇంటి అద్దె పత్రము, ఛాయాచిత్రములు మొదలగునవి కావలెను. షరతు లేని పదేండ్ల కార్డు వచ్చినవారికి విడాకులైనంతమాత్రమున నివాసహక్కు పోదు. భర్త ఉద్యోగపు వీసా నాధారముగా హెచ్-4 పై పోయిన భార్యకైతే విడాకులతో ఆ ఆధారము తెగిపోవును.

తీర్పు ఏ కోర్టుదన్న విషయమును ముఖ్యమే. 1975లో తిరుపతిలో పెండ్లియైన ఒక తెలుగు దంపతులలో భర్త మిస్సోరీ రాష్ట్రమున తొంబది దినముల నివాసము చూపి విడాకులు పొందెను. భార్య ఇచ్చట వ్యాజ్యము నడపగా, హిందూ వివాహచట్టములో లేని కారణముపై, అధికారము లేని కోర్టు ఇచ్చిన ఆ తీర్పు చెల్లదని 1991లో మన సుప్రీంకోర్టు నిర్ణయించినది. కావున అక్కడ పొందిన తీర్పు ఇక్కడను నిలుచునా యని నా మనుమరాలు ముందుగనే విచారించుకొనినది.

విడాకులైనవి. ఆమె ఒంటరిగా పెట్టిన అర్జీ ఇంకను విచారణలో నున్నది.

బిడ్డలను దూరదేశములకు పంపు మన కుటుంబములవారికి నా విన్నప మొక్కటే. నగలు లెక్కించునట్లే పత్రములను లెక్కించుడు. ప్రతిదానికి ఒక నకలు బిడ్డ చేతనే ఉంచుడు. ఆమె రాత్రివేళ ఫోను చేసినప్పుడు, ఓర్చుకొమ్మనుటకు ముందు, ఏమి జరిగినదని అడుగుడు. నేనడుగలేదు.

మొన్న ఆమె తన క్రొత్త ఇంటి అద్దె పత్రమునకు నకలు పంపినది. దానిమీద ఒక్కటే పేరున్నది. మనుమనిచే అచ్చు తీయించి, దానిని మా పాత రేషను కార్డు ప్రక్కన పెట్టెలో దాచితిని.